వంద పూలు దులిపినవాళ్ళు

మాచవరం
10 నవంబరు 2024

ధనమ్మత్తా,

నేను పొగరుబోతునని మా ఇంట్లో తీర్మానమైపోయింది. నన్నెవరూ అడగలేదు. బుధవారం మా కాలేజీకి వచ్చిన హైదరాబాదు కంపెనీ నన్ను తీసుకోలేదని చెప్పగానే కారణం అమ్మే కనిపెట్టేసింది. ఇంటర్వ్యూలో ఎదురు మాట్లాడి ఉంటానట. "దీని నోరు నాకు తెలవదా" అని గోడ మీదుగా దేవమ్మక్కకు చెప్పింది. దేవమ్మక్క పత్తి తీతలో పదిమందికి చెప్పింది. ఇవాళ పాలకు వెళితే, పాలు పోసే ఆమె కూడా పెద్దోళ్ళతో వాదులు పెట్టుకోగూడదని బుద్ధి చెప్పి పంపింది. నాన్న మాత్రం ఏమీ అనలేదు. నీ అన్న ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. పెరుగు వడ్డించేలోపే చెయ్యి కడుక్కుని లేచిపోతున్నాడు.

నేను వాదించలేదు అత్తా. పుట్టి బుద్ధెరిగాక అంత వినయంగా ఎక్కడా మాట్లాడలేదు.

నరసరావుపేటలో నాలుగేళ్ళుగా నేను చదువుతున్నది ఏఐ. డిగ్రీ పేరులోనే ఉంది. నేను చేరిన ఏడు మా సీనియర్లను అరవై మందిని తీసుకున్న కంపెనీ ఈసారి ముగ్గురిని తీసుకుంది. మా ప్లేస్‌మెంట్ ఆఫీసరు గోపాలకృష్ణయ్యగారు చెప్పేదేమంటే, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రెండేళ్ళు ఇచ్చే చిన్న పనులన్నీ ఇప్పుడు ఏఐ చేసేస్తోందట. అంటే నేను ఏది చదివానో అదే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఈ మాట ఇంట్లో చెబితే అమ్మ కుంటిసాకులంది.

ఇంకో సంగతి కూడా జరిగింది. మా క్లాసులో పద్నాలుగు మంది రెజ్యూమేల్లో ప్రాజెక్టు గురించి ఒకే వాక్యం ఉందని కనిపెట్టి మొత్తం పద్నాలుగు మందినీ పక్కన పెట్టారు. అందులో ఇష్రత్ కూడా ఉంది. పోయిన వేసవిలో నాతో సాగర్‌లో మీ ఇంటికి వచ్చి, నీ టైపు మిషను ముందు గంట కూర్చుని లేవనంది చూడు, ఆ అమ్మాయి. మా అందరిలోకీ పని వచ్చినది ఆమె ఒక్కతే.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నీకు ఫోన్లో సరిగా వినపడదు, ఇవి హాస్టలు వరండాలో నిలబడి అరిచి చెప్పే సంగతులు కావు. జవాబు హాస్టలుకు రాయకు, వార్డెను కవర్లు విప్పుతుంది. ఇష్రత్ వాళ్ళ నాన్న సాదిక్‌గారి టైలరు షాపు అడ్రసు వెనక రాశాను. ఆమె తెచ్చి ఇస్తుంది.

నువ్వయినా నన్ను సరిగ్గా అర్థం చేసుకుంటావని
ఇంద్రజ


విజయపురి సౌత్
18 నవంబరు 2024

ఇందూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది నువ్వు రాయనిది వెతకడానికి.

ఎదురు మాట్లాడలేదన్నావు, నమ్మాను. మాట్లాడి ఉంటే నాకు పేజీన్నర రాసేదానివి. నువ్వేమన్నావో, దానికి వాళ్ళ మొహాలు ఎట్లా మారాయో, ఎవరి పెన్ను ఎక్కడ ఆగిందో అన్నీ రాసేదానివి. ఈ ఉత్తరంలో ఇంటర్వ్యూ గదే లేదు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి పంపించేశావు.

పద్నాలుగు మంది ఒకే వాక్యం రాశారంటే ఆ వాక్యాన్ని మొదట ఒకరు రాసి ఉండాలి. నేను కార్బన్ కాగితాలు పెట్టి ఏళ్ళ తరబడి టైపు కొట్టినదాన్ని. కాపీ చేతికొస్తే ఒరిజినల్ ఎక్కడని అడగడం నా అలవాటు.

మీ అమ్మ మీద కోపం పెంచుకోకు. కూతురికి పని రాలేదని చెప్పుకోవడం కంటే నోరు ఎక్కువని చెప్పుకోవడం ఆమెకు సులువు. పొగరంటే నలుగురూ నవ్వి వదిలేస్తారు. చేతకాదంటే గుర్తు పెట్టుకుంటారు.

నేను టైపు హయ్యర్ పాసైన రోజున మా నాన్న బజారులో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు, ఇక నా బిడ్డకు తిరుగులేదని. కాలువల డివిజను ఆఫీసులో నలుగురం టైపిస్టులం. నిమిషానికి నలభై ఐదు మాటలు కొట్టేదాన్ని. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. నలుగురిలో ఇద్దరం మిగిలాం. ఎట్లా మిగిలామో మరెప్పుడైనా రాస్తాను. పాత మిషన్లను వేలం వేస్తే ఒకటి నేనే పాడుకున్నాను. ఇప్పుడు నీకు రాస్తున్నది దాని మీదే. డ్యాము గేట్లు మూసేశారు, ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. నేను కొడుతుంటే పక్క క్వార్టరు వాళ్ళు కిటికీ వేసుకుంటున్నారు.

ఈసారి గదిలోకి తీసుకుపో.

మీ అత్త
ధనమ్మ


నరసరావుపేట
1 డిసెంబరు 2024

అత్తా,

ఆ వాక్యం నాదే.

మా క్లాసులో నన్ను రెజ్యూమే అక్క అంటారు. ఏఐకి ఏది ఎలా చెప్పి రాయించాలో నాకు బాగా తెలుసు. ఒక్కొక్కరూ వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు, పది నిమిషాల్లో తయారు చేసి ఇచ్చేదాన్ని. ఎవరో ఒకరు పఫ్ తెచ్చిపెట్టేవాళ్ళు. ఒక్కో రెజ్యూమే కొత్తగా రాయించే ఓపిక లేక ప్రాజెక్టు వాక్యం మాత్రం అందరికీ ఒకటే పెట్టాను. చానా బాగుండేది ఆ వాక్యం. ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రామును మా అంతట మేమే తయారు చేశామనీ, నూటికి తొంభై ఎనిమిది పాయింట్ ఆరు సరిగ్గా చెబుతుందనీ.

మేం తయారు చేయలేదు. కొన్నాం. అందరూ కొంటారు. ప్రాజెక్టులు అమ్మే సెంటర్లున్నాయి, రిపోర్టు బైండు చేసి మరీ ఇస్తాయి. మా చుట్టుపక్కల ఏ క్లాసులో చూసినా సగం మందిది ఆకు తెగులు ప్రాజెక్టే. మన జిల్లాలో మిరప ఉంది, పత్తి ఉంది, కాబట్టి వినడానికి సరిపోతుంది.

ఇప్పుడు గది. ఏసీ చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బల్ల అవతల ఒక్కావిడే, మా అమ్మ వయసుది. ముందు పద్నాలుగు కాగితాలు పేర్చి ఉన్నాయి. నన్ను చివరగా పిలిచారు. ఆవిడ కోపంగా లేదు అత్తా, అలిసిపోయి ఉంది. నా కాగితం చూసి, మీది మిరప వేసే కుటుంబమని రాశారు కదా, దీన్ని మీ చేలో పరీక్షించారా అని అడిగింది.

లేదన్నాను.

ఎందుకని అడిగింది. నిజంగా నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు. మా చేను ఇంటికి అర కిలోమీటరు.

అప్పుడావిడ పెన్ను పక్కన పెట్టి, మెల్లగా, "ఇది మీరు చేసిందేనామ్మా?" అంది. ఆ మెల్లగా అడగడం వల్లే అనుకుంటా. "కొన్నాం మేడమ్, అందరం" అన్నాను.

బయటికి వచ్చాక గొప్పగా అనిపించింది. నిజం చెప్పానని. ఆ గొప్ప సాయంత్రం జాబితా అంటించేదాకా ఉంది. ఇష్రత్ నాకంటే ముందు లోపలికెళ్ళి ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చింది. ఆవిడ ఇష్రత్‌తో హైదరాబాదులో ఉండటానికి మనుషులున్నారా అని కూడా అడిగిందట. నా మాటతో మొత్తం కట్ట పక్కకు పోయింది. ఒకే వాక్యం ఉండటం వల్ల పోయిందని అందరూ అనుకుంటున్నారు. నేనూ అలాగే అననిచ్చాను.

ఇష్రత్ ప్రాజెక్టు కొనుక్కుని ఊరుకోలేదు. అది చేతికొచ్చిన రోజు నుంచి ఒక్కొక్క లైనూ విప్పి చదివింది. మేం అట్ట మీది పేర్ల స్పెల్లింగు చూసుకున్నాం.

నీ కవరును ఆమె తన చేత్తో తెచ్చి ఇస్తుంది. విప్పదు. "మీ అత్త టైపు కొట్టిన అడ్రసు ఎంత నీటుగా ఉందే" అంటుంది. ఏం చేయాలి?

ఇంద్రజ


విజయపురి సౌత్
10 డిసెంబరు 2024

ఇందూ,

ఇష్రత్‌కు చెప్పకు. తొందరపడకు. జరిగింది ఎట్లాగూ తిరిగిరాదు. చెబితే నీ గుండె బరువు దిగుతుంది, అంతవరకే. దించుకున్న బరువు ఆ పిల్ల మీద పడుతుంది.

నన్ను అంతకంటే ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. అర కిలోమీటరు దూరంలో చేను పెట్టుకుని అక్కడికి తీసుకుపోలేదా? మేం ఆఫీసుకు కొత్త రిబ్బను వస్తే ముందు రద్దు కాగితం మీద నాలుగు లైన్లు కొట్టి చూసేవాళ్ళం. ఆ తర్వాతే ఇంజనీరుగారి ఉత్తరం.

తీసుకుపో. మీ నాన్నకు చూపించు. ఏం కొన్నావో తెలుసుకో. ఆకు నీదే, చేను నీదే, ఫోను నీదే. ఇక అడ్డం ఏముంది?

అత్త


మాచవరం
5 జనవరి 2025

అత్తా,

తీసుకుపోయాను. నాలుగు ఆదివారాలు పోయాను. అందుకే జవాబు ఆలస్యమైంది.

మొదటి ఆదివారం నాన్నతో సంగతి చెప్పకుండా, ముడుచుకున్న ఆకు ఒకటి కోసి పట్టుకోమన్నాను. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు, ఫోటో స్టూడియోలో నిలబడ్డట్టు. ఫోటో తీసి ప్రోగ్రాముకు ఇచ్చాను. ఆకు ఆరోగ్యంగా ఉంది, నూటికి తొంభై ఏడు పాళ్ళు ఖాయం అంది.

"ఏమందమ్మాయ్?"

"బాగుందంట నాన్నా."

నాన్న ఆకును తిప్పి చూసుకున్నాడు. అది పడవలాగా పైకి వంకర తిరిగి ఉంది. తర్వాత నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, నాన్న కూడా. ఇంటర్వ్యూ తర్వాత నాన్న నా మొహం చూసి నవ్వడం అదే మొదలు.

తర్వాత వెతికి తెలుసుకున్నాను. ఆ ప్రోగ్రాముకు నేర్పిన ఫోటోలన్నీ ఎక్కడో దూరదేశంలో కోసి, బూడిదరంగు బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచిన ఆకులు. అది మనిషి చెయ్యి ఎప్పుడూ చూడలేదు. ఎండ చూడలేదు. నాన్న వేళ్ళు కూడా ఆకులో భాగమనుకుని ఉంటుంది. బూడిదరంగు కాగితం మీద పెట్టి తీస్తే ఈసారి తెగులు ఉందంది. కానీ టమాటా తెగులు పేరు చెప్పింది.

అసలు సంగతి ఇది కాదు. నాన్న ఉన్నట్టుండి, "ఆకుతో ఏం పనే? పువ్వు దులపాల" అన్నాడు.

నల్ల తామర పురుగు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళ కిందట అది వచ్చినప్పుడే మన వైపు కాపు మీద ఉన్న చేలను దున్నేశారు. అది పువ్వులో దాక్కుంటుంది. ఆకు ముడుచుకునేసరికి ఆలస్యమైపోతుంది. నాన్న ఒక పువ్వు కోసి అరచేతిలో తట్టి చూపించాడు. మిరియాల పొడి నలుసుల్లాంటివి కొన్ని రాలాయి. ఆ పొడి నడుస్తోంది. పక్క సాలులో కలుపు తీస్తున్న దేవమ్మక్క తొంగిచూసి, "నాలుగున్నయ్యి, దీనికి ఇప్పుడే మందు వద్దులే మామా" అని మళ్ళీ వంగింది. ఒక్క చూపు, అంతే.

బ్రహ్మానందంగారి పురుగుమందుల కొట్టు నీకు తెలుసుగా. మన ఊళ్ళో ఎవరికి ఏ తెగులొచ్చినా ఒక ఆకు జేబులో పెట్టుకుని ఆయన దగ్గరికి పోవడం ఆనవాయితీ. మొన్న అక్కడ నిలబడి చూశాను. ఎవరో మిరపాకు తీసి చూపిస్తే ఆయన ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఆకు తెచ్చావేంది, పూలు తేబో" అని పంపించేశాడు. అత్తా, కొట్టాయనకు తెలుసు. కలుపు తీసే మనిషికి తెలుసు. పల్నాడులో పుట్టిన ఏఐ విద్యార్థులం పద్నాలుగు మందిమి, పువ్వులో ఉండే పురుగు కోసం ఆకు ఫోటోలు కొనుక్కొచ్చాం. దూరదేశంలో ఆకుల ఫోటోలే దొరికాయి కాబట్టి.

ఇప్పుడు తెల్లకాగితం మీద పువ్వు దులిపి ఫోటో తీస్తున్నాను. ఇప్పటికి ఎనిమిది వందలు. ప్రతి ఫోటోకూ దేవమ్మక్క మందు కొట్టాలనో అక్కర్లేదనో చెబుతుంది, నేను రాసుకుంటాను. వాటితోనే కొత్త ప్రోగ్రాముకు నేర్పాను, ఇష్రత్ దగ్గర అడిగి తెలుసుకుంటూ. ఏం చేస్తున్నానో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. కొత్తగా వంద ఫోటోలు చూపిస్తే డెబ్బై ఒకటి సరిగ్గా చెప్పింది. తొంభై ఎనిమిది కాదు. కానీ ఆ తప్పిన ఇరవై తొమ్మిదిలో ఒక్కొక్కదాని మొహం నాకు తెలుసు. పుప్పొడిని పురుగనుకున్నవి కొన్ని, గాలికి కాగితం లేచినవి కొన్ని. మిగతావి ఎందుకు తప్పాయో ఇంకా తెలియదు.

అమ్మ దేవమ్మక్కతో ఏమంటోందో తెలుసా? ఉద్యోగం రాక పిల్ల పూలేరుకుంటోందని.

ఇంద్రజ


నరసరావుపేట
17 జనవరి 2025

అత్తా,

చిన్న ఉత్తరం. తొందరగా జవాబు కావాలి.

గోపాలకృష్ణయ్యగారు పిలిచారు. ఫిబ్రవరి పదిన ఇంకో కంపెనీ వస్తోంది, రైతులకు ఫోన్లో సలహాలిచ్చే కంపెనీ. నా పూల ప్రాజెక్టు గురించి ఆయనకు ఎవరో చెప్పారు. దాన్ని పద్నాలుగు మంది కలిసి చేసినట్టు రాయమంటున్నారు. పద్నాలుగు రెజ్యూమేలూ మళ్ళీ నన్నే రాయమంటున్నారు, ఈసారి వాక్యాలు మార్చి.

చెడ్డ మనిషి కాదు ఆయన. చొక్కా కాలరు తిప్పి కుట్టించుకుని వేసుకుంటారు. మా అందరి ఇళ్ళ సంగతులూ ఆయనకు తెలుసు, ఎవరి నాన్నకు ఏ జబ్బో కూడా. అంతా చెప్పి చివర, "ఆ రోజు నువ్వు గదిలో ఏమన్నావో ఆ మేడమ్ నాకు చెప్పింది. నేనెవరికీ చెప్పలేదమ్మా, చెప్పను" అన్నారు. బెదిరింపు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు. "పద్నాలుగు మందికి పోయింది నీ వల్ల. పద్నాలుగు మందికి ఇచ్చే అవకాశమూ నీకే వచ్చింది" అన్నారు.

లెక్క సరిపోతున్నట్టే ఉంది కదా. రాయడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు.

ఇష్రత్‌కు ఎందుకు చెప్పవద్దన్నావో కూడా రాయి. నువ్వు అంత గట్టిగా ఏదీ చెప్పవు.

ఇంద్రజ


విజయపురి సౌత్
24 జనవరి 2025

ఇందూ,

అడిగావు గనక రాస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ మామయ్యకు కూడా.

మా నలుగురు టైపిస్టుల్లో గ్రేసమ్మ అని ఒకామె ఉండేది. చేతివేగం నాకంటే ఎక్కువ. తొంభై ఎనిమిదిలో ఒక సర్క్యులరు వచ్చింది. గుంటూరులో నెల రోజులు కంప్యూటరు నేర్పుతారు, ఇష్టమున్న టైపిస్టులు పదిహేనో తారీఖులోపు పేరు ఇవ్వాలి, ఇద్దరికే చోటు. ఆ సర్క్యులరుకు కాపీలు తీయడానికి స్టెన్సిలు కొట్టే పని నా బల్ల మీదికే వచ్చింది. అప్పుడు గ్రేసమ్మ సెలవులో ఉంది. పిల్లవాడికి పచ్చకామెర్లు.

వాళ్ళిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ పదిరోజులూ ఆమె పొయ్యి వెలిగించలేదు. అన్నం నేనే పట్టుకెళ్ళాను. రోజూ క్యారియరు పట్టుకుని వెళ్ళాను, పిల్లవాడి కళ్ళు చూశాను, పసుపు తగ్గిందని ధైర్యం చెప్పాను. రోజూ ఆ ఒక్క మాట చెప్పకుండా తిరిగొచ్చాను. ఖాళీ క్యారియరు గిన్నెలు దారంతా గలగలమనేవి. ఇప్పటికీ ఆ చప్పుడు నాకు పడదు.

నేను గుంటూరు వెళ్ళాను. గ్రేసమ్మను మాచర్లలో రికార్డు గదికి వేశారు. పాత ఫైళ్ళ దుమ్ములో రిటైరయ్యే దాకా పనిచేసింది. ఆ దుమ్ముకు ఆయాసం వచ్చింది. ప్రతి క్రిస్మస్‌కూ నాకు కేకు పంపిస్తుంది. మొన్న కూడా పంపింది. కనపడినప్పుడల్లా, "నువ్వు లేకపోతే నా బిడ్డ దక్కేవాడు కాదు ధనా" అంటుంది.

నిన్ను చెప్పవద్దన్నది నీ మేలు కోరి కాదు. నువ్వు చెప్పేస్తే, ఇరవై ఆరేళ్ళుగా నేనెందుకు చెప్పలేదని నన్ను నేను అడుక్కోవాల్సి వస్తుందని.

ఆ పద్నాలుగు పేర్ల విషయంలో నా సలహా అడగకు. నేను ఉండాల్సిన పేరు లేకుండా చేసినదాన్ని. లేని పేర్లు రాయాలా వద్దా అని నువ్వు ఆలోచిస్తున్నావు. ఏది తప్పో చెప్పే అర్హత నాకు లేదు. నీకు పని దొరకాలని మాత్రం నాకు చానా ఉంది. అది నిజం.

కవరు కాస్త బరువైంది. స్టాంపులు ఎక్కువే అంటించాను.

ధనమ్మ


మాచవరం
9 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ కవరు పోయిన నెల ఇరవై ఎనిమిదిన, మంగళవారం వచ్చింది. ఇష్రత్ షాపు ముందే నిలబడి ఇచ్చింది. "ఈసారి బరువుందే, మీ అత్త నవల రాసిందా?" అంది. అది విప్పక ముందే చెప్పేశాను. నీ ఉత్తరం చదివి ఉంటే చెప్పేదాన్నో లేదో తెలియదు. ఏం రాశావో అప్పటికి తెలియదు కాబట్టి నీ మాట వినలేదని అనుకోకు, విన్నానని కూడా అనుకోకు.

లోపల సాదిక్‌గారి మిషను నడుస్తోంది. ఆ రోజు ప్రాజెక్టు కొన్నామని గదిలో చెప్పింది నేనేనని అన్నాను. ఇష్రత్ నా మొహం వైపు చూడలేదు, నా చేతిలోని కవరు వైపు చూసింది. దాన్నే చూస్తూ అడిగింది.

"నేను చదివాను గదా. లైను లైనూ చదివాను. అదైనా చెప్పావా?"

"చెప్పలేదు."

"అయితే నువ్వు నిజమేం చెప్పావే? నీ సగం చెప్పుకున్నావు. నా సగం ఎవరు చెప్తారు?"

లోపలికి వెళ్ళిపోయింది. మిషను ఆగింది. సాదిక్‌గారు బయటికి వచ్చి, మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగారు. వద్దన్నాను.

మూడు నెలలుగా ఎంతో కొంత మిగుల్చుకున్న గొప్ప, నిజం చెప్పానన్నది, అక్కడ మెట్ల మీదే పడిపోయింది. అందరం అన్నాను చూడు, ఆ ఒక్క మాటలో ఇష్రత్ చదువంతా తుడిచిపెట్టాను. నన్ను ఇంట్లో ఎవరూ సరిగ్గా అర్థం చేసుకోలేదని నీకు మొదటి ఉత్తరంలో ఏడ్చాను. నేను ఆమెను అర్థం చేసుకుందీ అంతే.

ఆ సాయంత్రమే ఆ కంపెనీ మేడమ్‌కు ఈమెయిలు పంపాను. ఆ కట్టలో ఒక అమ్మాయి దాన్ని నిజంగా నేర్చుకుంది, పేరు ఇదీ అని. జవాబు రాలేదు. వస్తుందని పంపలేదు. తర్వాత క్లాసు గ్రూపులో, గదిలో నేనేమన్నానో అందరికీ చెప్పి, దాని కింద ఇంకో రెండు ముక్కలు రాశాను. పూల ప్రాజెక్టులో పేరు కావాలంటే మా చేలోకి రావాలి. వంద పూలు దులిపి, ఫోటో తీసి, లెక్క రాసినవాళ్ళ పేరే రాస్తాను.

గ్రూపులో నన్ను ఏమేమి తిట్టారో నీకు రాయను. నీ మిషను మీద కొట్టడానికి కూడా పనికిరావు.

ఇంకా రెండో పూత ఉంది కాబట్టి సరిపోయింది. పోయిన ఆదివారం నలుగురొచ్చారు. తెల్లబూట్లు వేసుకొచ్చిన కార్తీక్ పది పూలకే నడుం పట్టుకుంటే, దేవమ్మక్క, "ఏం బాబూ, కంప్యూటరు వంగనీయదా?" అంది. మధ్యాహ్నానికి బూట్లు గట్టు మీద పెట్టి వంద పూర్తి చేశాడు. స్వాతికి లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి దులిపింది. అమ్మ మజ్జిగ తెచ్చి, గట్టు మీద కూర్చుని సాయంత్రం దాకా కదల్లేదు. పూలేరుకుంటోందన్న మాట మళ్ళీ అనలేదు. అనలేదంటే ఒప్పుకుందని కాదు. ఇంటికొచ్చాక, ఉన్న అవకాశం పద్నాలుగు మందికీ ఇస్తే నీ సొమ్మేం పోయిందే, ఇదీ పొగరేనంది.

శుక్రవారం ఇష్రత్ వచ్చింది. ఒక్కతే, బస్సు దిగి నడుచుకుంటూ. నాతో మాట్లాడలేదు. నేనున్న సాలు వదిలి రెండు సాళ్ళ అవతల దిగింది. పొద్దున నుంచి సాయంత్రం దాకా, ఒక్కొక్క ఫోటోనూ అక్కడే ప్రోగ్రాముకు ఇచ్చి చూసుకుంటూ, నూట నలభై పూలు దులిపింది. వెళ్ళేటప్పుడు లెక్క రాసిన కాగితం నాకివ్వలేదు, నాన్న చేతికిచ్చింది. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ఈ పిల్ల టైము కూడా రాసిందే" అన్నాడు.

ప్రతి పువ్వు పక్కనా గంట, నిమిషం. అడుగున రెండు లైన్లు: "ఎండ వాలాక తీసిన ఫోటోలే తప్పుతున్నాయి. కాగితం ముడత నీడలను పురుగులనుకుంటోంది." వెళ్ళి చూసుకున్నాను. నాకు కారణం దొరకని తప్పులన్నీ అవే.

నీడ సంగతి సరిచేయడానికి టైము లేదు. డెబ్బై ఒకటిని డెబ్బై ఒకటనే రాశాను. నీడ కనిపెట్టింది ఇష్రత్ అని రాశాను.

నిన్న గోపాలకృష్ణయ్యగారికి జాబితా ఇచ్చాను. దేవమ్మక్క పేరు కూడా ఉంది. పురుగు ఉందో లేదో తేల్చింది ఆమే కాబట్టి. ఆయన చదివి, మిగతా ఎనిమిది మంది ఇళ్ళకు నేనేం చెప్పాలమ్మా అన్నారు. ఆయన గొంతు విని నాకు బాధేసింది. జాబితా వెనక్కి తీసుకోలేదు.

గ్రేసమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను నిన్ను అడగను. నా మీద కోపం వచ్చినా ఆమె కేకు తినడం మానకు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆ కంపెనీ ఇంటర్వ్యూలు అయిపోయి ఉంటాయి. రేపు పొద్దున ఏడింటి బస్సుకు వెళుతున్నాను. మా క్లాసులో ఆరుగురి పేర్లు ఇచ్చాను, మొదటి పేరు ఇష్రత్‌ది. మిగతా ఎనిమిదీ రాయలేదు. రాయను.

ఇంద్రజ